తల దించుకుని చూసిన సీరియల్

ఆ డిసెంబరులో నా కుడికంటిలో నల్లటి నలుసులు ఈదడం మొదలుపెట్టాయి. ఢిల్లీ దుమ్ము కదా, కడుక్కుంటే పోతుందనుకున్నాను. మర్నాడు ఆఫీసులో ఫైలు చదువుతుంటే కాగితం అంచు నుంచి బూడిదరంగు తెర ఒకటి మెల్లగా లోపలికి జరిగింది. కన్ను నులుముకున్నా పోలేదు. పక్క సీటు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లింది. కంటి వెనక ఉండే రెటీనా పొర ఊడిందనీ, ఆలస్యం చేస్తే చూపు పోతుందనీ చెప్పి, వెంటనే ఆపరేషన్ చేశారు.

ఆపరేషన్ గురించే భయపడ్డాను గానీ అసలు కష్టం ఆ తర్వాత ఉందని నాకు తెలియదు. ఆ పొరను దాని చోట అదిమి ఉంచడానికి కంటిలోకి గాలి బుడగ ఎక్కించారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి, అది కంటి వెనక గోడకు ఆనాలంటే నేను మొహం నేలకేసి ఉంచాలి. కూర్చున్నా, పడుకున్నా, అన్నం తింటున్నా నేలచూపే.

"వారం పది రోజులు ఓపిక పట్టండి మేడమ్. సగం పని మేం చేశాం, మిగతా సగం మీదే" అన్నాడు డాక్టరు.

జనక్‌పురిలోని మా ఇంట్లో ఆ సగం పని మొదలైంది. భోజనాల బల్ల మీద దిళ్లు పేర్చి, మడిచిన తువ్వాలు వేసి, దాని మీద నుదురు ఆనించుకుని కూర్చునేదాన్ని. మెడ పట్టేసేది. ముక్కు కొనలోకి రక్తమంతా దిగినట్టుండేది. ఎడమకంటితో ఏదైనా చూసుకుందామంటే నాకు చిన్నప్పటి నుంచీ పెద్ద పవరు కళ్లజోడు. కంటి కట్టు మీద అది నిలవదు. అది లేకపోతే నేలమీది పలకలు కూడా పాలు ఒలికినట్టు కలిసిపోయి కనిపిస్తాయి. ఫోను మొహానికి ఆనించుకుని చూస్తే తప్ప అక్షరం పోల్చలేను. అలా చూడొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఫైళ్లు చదవడమే ఉద్యోగమైన మనిషిని. ఇక జీవితంలో మళ్లీ చదవగలనా అన్న ప్రశ్న, వంచిన తలలో అటూ ఇటూ దొర్లుతూ ఉండేది.

మావారి ఆఫీసు సాకేత్‌లో. పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే రాక. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తగారూ, సెమిస్టరు పరీక్షలు అయిపోయి గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయీ.

మా అత్తగారిది కోనసీమ. ఢిల్లీ వచ్చి చాలా ఏళ్లయినా ఆవిడ హిందీ కూరలబండి దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. మా అమ్మాయి పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగు మొత్తం అర్థమవుతుంది. కానీ "తిన్నావా" అని అడిగితే "ఖా లియా" అనేది. "ఎప్పుడొస్తావు" అంటే "షామ్ కో" అనేది. మామ్మ తెలుగులో అడగడం, మనవరాలు హిందీలో జవాబు చెప్పడం, మధ్యలో నేను ఇటు మాట అటు చేరవేయడం మా ఇంట్లో అలవాటై, ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

నేను తల దించుకున్న రెండో రోజో మూడో రోజో, అమ్మాయి సోఫాలో కూర్చుని చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంటే అత్తగారు బఠాణీలు ఒలుస్తూ అన్నారు.

"ఆ చెవుల్లోవి తీసెయ్యవే. మాకూ కాస్త ఏదైనా వినపడనీ. ఇల్లంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది."

"మామ్మా, యే జాపనీస్ మే హై. ఆప్‌కో బోర్ హోగా."

"ఏవంటోందే?"

"జపాను వాళ్ల బొమ్మల సీరియలట, మీకు విసుగొస్తుందట" అన్నాను దిళ్లలోంచి.

"విసుగు ఇప్పుడు లేదా ఏవిటి? పెట్టమను."

హాస్టల్లో స్నేహితురాళ్లందరూ ఆ సీరియల్ గురించే మాట్లాడుకుంటున్నారట. అంతరిక్షంలో యుద్ధం, మేడంత ఎత్తు ఇనుప మనుషులు, వాటిని లోపల కూర్చుని నడిపే కుర్రపిల్లలు అని అమ్మాయి చెప్పింది. నాకు ఆసక్తి కలగలేదు. ఆ వయసు పిల్లలు చూసేవాటిలో ఉరుములూ, పేలుళ్లూ, పెద్ద పెద్ద కేకలూ తప్ప ఏముంటాయిలే అనుకున్నాను. అయినా ఇంట్లో మనిషి గొంతు వినపడితే చాలనిపించి సరే అన్నాను. అమ్మాయి టీవీకి కలిపింది.

సైరన్లు మోగాయి. ఎవరో పరుగెత్తారు. నాకు తెలియని భాషలో ఒక ఆడపిల్ల గట్టిగా అరిచింది. అమ్మాయి నా కోసం తెరమీది ఇంగ్లీషు అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టింది. రెండు ముక్కలు చదివిందో లేదో అత్తగారు అడ్డం వచ్చారు.

"నాకో?"

"అరే మామ్మా, మై మమ్మా కే లియే పఢ్ రహీ హూఁ నా."

"మీ అమ్మకి చదువుతావు సరే. నేను మనిషిని కానా? తెలుగులో చెప్పు."

నేను చెప్తానందామంటే, తెర మీద ఏముందో నాకు కనపడదు. అమ్మాయి చదివి, నేను తెలుగు చేసి చెప్పేలోపల అవతల ఇంకో నాలుగు మాటలు అయిపోతున్నాయి. గత్యంతరం లేక మా అమ్మాయి నోరు విప్పింది.

"ఆ గర్ల్... ఆ అమ్మాయి చెప్తుంది... దుష్మన్ వస్తున్నారు. శత్రువు. అందరూ మెషిన్ లోపల కూర్చో... కూర్చోండి."

"ఆఁ. అలా చెప్పు" అన్నారు అత్తగారు, బఠాణీల గిన్నె పక్కకు జరిపి.

మొదటి ఎపిసోడంతా మేం అనుకున్నట్టే నడిచింది. భూమికి ఎంతో దూరాన, మంచుతో కప్పిన ఒక ఉపగ్రహం. అక్కడ చిన్న సైనిక స్థావరం. పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటిసారి ఆ పెద్ద యంత్రంలోకి ఎక్కుతుంది. కొండ అవతల శత్రువుల యంత్రం లేచి నిలబడుతుంది. సరిగ్గా అక్కడ ఆపేశారు.

"ఇంకేవుంది, కొట్టుకు చస్తారు" అని అత్తగారు తేల్చేశారు. నేనూ అంతే అనుకున్నాను. అమ్మాయి అంతకన్నా ఎక్కువ అనుకుంది. రెండో దానిలో ఫైటింగ్ అదిరిపోతుందని స్నేహితురాళ్లు చెప్పి ఉంటారని నమ్మకం.

రెండో ఎపిసోడ్ మొదలైంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నీళ్లు మరుగుతున్న శబ్దం. గరిటె గిన్నెకు తగిలిన శబ్దం. నేను ఓపిక పట్టలేక అడిగాను.

"ఏమైందే? ఫైటింగ్ ఏది?"

"పతా నహీఁ మమ్మా. వంటాయన సూప్ చేస్తున్నారు. అందరూ చుప్‌చాప్ కూర్చున్నారు." తెర మీది అక్షరాలు చదివి, "యుద్ధం అయిపోయిందట" అంది.

"ఎవరు గెలిచారు?" అన్నారు అత్తగారు.

"ఎవరూ కాదు. రెండువైపులా పెద్దవాళ్లు కలిసిపోయారట. ఎప్పుడో. ఆ కబురు ఇంత దూరం రావడానికి అంత టైమ్ పట్టిందట. వీళ్లని తీసుకెళ్లడానికి షిప్ వస్తుందట. కానీ దానికి ఇంకా ఏళ్లు పడుతుందట."

"మరి అంతదాకా ఏం చేస్తారే వీళ్లు?"

అదే ఆ సీరియల్. యుద్ధం కోసం పెంచిన మనుషులూ, యుద్ధం కోసం చేసిన యంత్రమూ యుద్ధం లేని చోట ఏం చేస్తారన్నదే మిగతా కథంతా. నీళ్ల కోసం మంచు కోస్తారు. పాడైపోయిన గదికి అద్దాలు బిగించి ఆకుకూర పండించడం నేర్చుకుంటారు. ఆ పిల్ల యంత్రానికి పట్టుకోవడం నేర్పుతుంది. దాని చేతులు పగలగొట్టడానికి చేసినవి. ఏది పట్టుకున్నా నలిగిపోతుంది. ఒక ఎపిసోడంతా అది ఒక మట్టికుండీని పగలగొట్టకుండా పైకెత్తడానికి ప్రయత్నించడమే. నేను బల్ల అంచును గట్టిగా పట్టుకుని విన్నాను.

"లేపాడు... లేపుతున్నాడు... ఇంకా పగల్లేదు" అని మా అమ్మాయి గుసగుసగా చెబుతుంటే అత్తగారు, "యంత్రం కదే, వాడేవిటి? లేపింది అనాలి" అని సరిదిద్దారు. కుండీ క్షేమంగా కిందికి దిగిన చప్పుడు వినపడగానే ఆవిడే, "దించాడే నా తండ్రి!" అన్నారు. ముగ్గురం ఒకేసారి నవ్వాం. నవ్వితే కన్ను అదురుతుందని భయమేసి నేను మాత్రం నోరు మూసుకుని, భుజాలతో నవ్వాను. ఆపరేషన్ అయ్యాక అదే మొదటి నవ్వు.

అత్తగారికి ఇంకో సరదా పట్టుకుంది. ఎన్నో కథలు విన్న మనిషి కదా, ప్రతి ఎపిసోడ్‌కీ ముందే జోస్యం చెప్పేవారు. వంటాయనకు దగ్గు వస్తే "వీడు పోతాడు చూడు" అనేవారు. వాడు పోయేవాడు కాదు. రెండ్రోజులు పడుకుని లేచి మళ్లీ సూప్ కాచేవాడు. రేడియో దగ్గర కూర్చునే మెకానిక్ ఎవరితోనో రహస్యంగా మాట్లాడితే "వీడే ద్రోహి" అనేవారు. వాడు తన కూతురికి పుట్టినరోజు పాట పాడుతున్నాడని తేలేది. ఒక్కటీ నిజం కాలేదు. మొదట్లో చిన్నబుచ్చుకున్నారు గానీ తర్వాత్తర్వాత తను ఓడిపోవడం కోసమే పందెం కాసినట్టు ఎదురుచూసేవారు. సాయంత్రం మావారు బూట్లు విప్పుతుండగానే ఆనాటి కథంతా చెప్పేసేవారు. ఆవిడ నోట ఆ మంచు గోదారి గట్టంత పెద్దదయ్యేది. మావారు, "అమ్మా, ఇంతకీ ఆకుకూర మొలిచిందా లేదా?" అని అడిగి మరీ చేతులు కడుక్కోవడానికి వెళ్లేవారు.

కొండ అవతల చిక్కుకుపోయిన శత్రువు ఒక పెద్ద వయసు ఆడమనిషి. ఆవిడ యంత్రం కూలిపోయి, కాలు విరిగి, తిండి లేక పడి ఉంటే మన పిల్ల వెళ్లి మోసుకొస్తుంది. వాళ్ల భాష వేరు. ఆవిడ మెల్లగా వీళ్ల భాష నాలుగు ముక్కలు నేర్చుకుంటుంది. ఆవిడ గొంతు బొంగురు. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడినప్పుడు మా అత్తగారు టీవీ వైపు జరిగి కూర్చున్న చప్పుడు నాకు తెలిసేది.

ఒకరోజు అందరూ కూర్చుని సూప్ తాగుతున్నారు. ఓడ దగ్గరికి వస్తోందని రేడియోలో తెలిసింది. మన పిల్ల ఆనందంగా ఏదో అంది. మా అమ్మాయి చెప్పింది: "షిప్ వచ్చిన తర్వాత మేము ఇంటికి వెళ్తాం."

అత్తగారు ఉలిక్కిపడ్డట్టు, "ఆపు, ఆపు" అన్నారు. అమ్మాయి ఆపింది.

"ఆవిడ ఎదురుగుండా కూర్చునుంటే అలాగంటుందేవిటే? మొహం మీద కొట్టినట్టు!"

"ఏమంది మామ్మా? ఇంటికి వెళ్తాం అనే కదా అంది."

"మేము వెళ్తాం అంటే ఆవిణ్ణి వదిలేసి వెళ్తావనే కదా. మనం వెళ్తాం అందా, మేము అందా? సరిగ్గా చూడు."

అమ్మాయి వెనక్కి తిప్పి మళ్లీ వేసింది. "ఇందులో 'వీ' అనే ఉంది. వీ విల్ గో హోమ్. హిందీలో అయితే హమ్."

"హమ్మో గిమ్మో, ఆవిడ అందులో ఉందా లేదా?"

"నాకేం తెలుసు మామ్మా! ఇంగ్లీష్‌లో అది రాయలేదు."

అది నా వైపు తిరిగిందని గొంతును బట్టి తెలిసింది. "మమ్మా, తెలుగులో రెండు ఎందుకున్నాయి?"

నేను దిళ్లలో మొహం పెట్టుకునే చెప్పాను. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. చిన్నప్పుడు ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పు పలకరు. నా కూతురికి మాత్రం ఇరవై ఏళ్లు వచ్చాక నేర్పాల్సి వచ్చింది. అది హాస్టల్లో జపనీస్ నేర్చుకుంటున్న స్నేహితురాలికి ఫోన్ చేసి అడిగింది. ఆ భాషలోనూ ఆ మాట వింటే ఎదుటి మనిషి అందులో ఉందో లేదో తెలియదట.

"అంటే తెలుగులో చెప్పాలంటే మనకి ముందే తెలిసుండాలి" అంది ఫోను పెట్టేసి. "ఆ అమ్మాయి మనసులో ఏముందో తెలీకుండా చెప్పలేం."

అందులో అది 'మనకి' అన్న సంగతి దానికి తెలియలేదు. నేనూ ఎత్తి చూపలేదు. తల వంచి ఉండటంలో ఒక సుఖం ఏమిటంటే, కళ్లు చెమ్మగిల్లితే ఎవరికీ కనపడదు.

ఆ తర్వాతి ఎపిసోడ్లలో ఆ మాట వచ్చినప్పుడల్లా అది జాగ్రత్తపడేది. "ఇంటికి వెళ్లడమే" అనో, "ఇంటికి ప్రయాణం" అనో, ఎవరు వెళ్తారో చెప్పకుండా తప్పించుకునేది. అత్తగారు ఏ పూటకాపూట "తేల్చిందా?" అని అడిగేవారు. "అభీ నహీఁ మామ్మా... ఇంకా లేదు" అనేది.

ఈలోగా ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. మావారికి ఆఫీసులో తప్పని మీటింగు ఉండటంతో అమ్మాయే నన్ను తీసుకెళ్లింది. బయటికి వెళితే తెలుగు మాట్లాడటం దానికి చిన్నతనంగా ఉండేది. మార్కెట్లో నేను తెలుగులో పిలిస్తే పక్కకు చూసేది. ఆరోజు నేను చూపు నేలకేసి ఆసుపత్రి వరండాలో నడుస్తుంటే అది నా మోచేయి పట్టుకుని, "మెట్టుంది. ఇంకోటి. ఆఁ, ఇప్పుడు చదును" అని అందరూ వింటుండగా చెబుతూ నడిచింది. చదును అన్న మాట అత్తగారిది. కుండీ ఎపిసోడ్‌లో నేర్చుకుంది.

బెంచీ మీద పక్కన కూర్చున్న ఒక పంజాబీ ఆంటీ, "బేటా, యే కౌన్సీ బోలీ హై?" అని, మేం మాట్లాడేది ఏ భాషో అడిగింది.

"తెలుగు హై, ఆంటీ. హమారీ బోలీ" అంది మా అమ్మాయి.

డాక్టరు కట్టు విప్పి, లైటు వేసి చాలాసేపు చూశాడు. "అతుక్కుంది. బాగా అతుక్కుంది. సాయంత్రం నుంచి తల ఎత్తొచ్చు" అన్నాడు. చూపు ఎంత వస్తుందో కొన్ని నెలలు ఆగితే గానీ తెలియదన్నాడు. బయటికి వచ్చాక కళ్లజోడు పెట్టుకుని ఒక్క క్షణం తల ఎత్తి చూశాను. కుడికంటిలో బుడగ నీళ్లలా అటూ ఇటూ ఊగుతోంది. ఎడమకంటితో మా అమ్మాయి మొహం స్పష్టంగా కనిపించింది. చలికి ముక్కు ఎర్రగా ఉంది. దాని గొంతును అన్ని రోజులు విని విని, మొహం చూసేసరికి ఎందుకో కొత్త మనిషిని చూసినట్టు అనిపించింది.

చివరి ఎపిసోడ్ ఆరోజు మధ్యాహ్నమే చూశాం. సాయంత్రం దాకా ఆగితే నేనూ తల ఎత్తి చూడొచ్చు గదా అన్నారు అత్తగారు. వద్దన్నాను. ఇన్నాళ్లూ విన్నదాన్ని, చివరిదాకా వినాలనిపించింది. వెళ్లి బల్ల మీద నా చోట నుదురు ఆనించి కూర్చున్నాను.

ఓడ దిగింది. అత్తగారు చివరి జోస్యం చెప్పారు. ఓడలోంచి దిగే అధికారి శత్రువావిణ్ణి వద్దంటాడు, మన పిల్ల ఎదురు తిరుగుతుంది, యంత్రం ఓడతో తలపడి ప్రాణం ఇస్తుంది. అమ్మాయి కూడా, "ఈసారి మామ్మ కరెక్ట్ అనుకుంటా" అంది. నాకూ అలాగే అనిపించింది. కథలన్నీ అలాగే కదా ముగిసేది.

బూట్ల చప్పుడు వినిపించింది. ఎవరో ఏదో గట్టిగా అన్నారు. అధికారి తమవాళ్లను మాత్రమే ఎక్కించమన్నాడని అమ్మాయి చెప్పింది. మన పిల్ల ఎదురు తిరగలేదు. ప్రయాణం చేసి వచ్చారు, ముందు కూర్చోండి అంది. వంటాయన గిన్నె తెచ్చి పెట్టాడు. అక్కడ పండిన ఆకుకూర వేసి కాచిన సూప్. అధికారికి ఎడమ పక్కన శత్రువావిడ. అతను తాగుతున్నాడు. ఎన్ని సంవత్సరాలుగా ఓడలో పొడి తిండి తిన్నాడో, మొదటి గుక్కకే చెంచా ఆగిపోయింది. తర్వాత అంతా చెంచాల చప్పుడే.

అప్పుడు అధికారి చిన్నగా ఒక మాట అన్నాడు.

మా అమ్మాయి వెంటనే చెప్పలేదు. తడుముకుంటోందేమోనని నేను తల కొద్దిగా పక్కకు తిప్పాను.

"మనకి చోటుంది" అంది.

మాకు చోటుంది అనలేదు. ఆపలేదు, వెనక్కి తిప్పలేదు, ఎవరినీ అడగలేదు. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. "అదీ మాట" అన్నారు.

యంత్రం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఓడలో పట్టక కాదు. ఆకుకూర గది అద్దాల మీద మంచు పేరుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు తుడవాలి గదా అని. "ఒక్కడూ ఎలా ఉంటాడే" అని అత్తగారు రెండు రోజులు బెంగపెట్టుకున్నారు.

జనవరిలో అమ్మాయి హాస్టల్‌కు వెళ్లిపోయాక, నా కంట్లో బుడగ కరిగి చిన్న చుక్కంతై మాయమయ్యాక, ఒక ఎండ కాసిన ఆదివారం ఆ సీరియల్‌ను మొదటి నుంచి పెట్టుకుని చూశాను. అత్తగారు పక్కన కూర్చుని, నాకేదో కొత్తగా చూపిస్తున్నట్టు, "ఇదిగో ఇప్పుడు చూడు" అని ముందే చెప్పేస్తూ ఉన్నారు. నేను వినీ వినీ కట్టుకున్న లోకం ఒకటి, తెర మీద ఉన్నది ఇంకొకటి. నా మంచు తెల్లగా ఉండేది. అక్కడ అది దీపావళి మర్నాటి ఢిల్లీ ఆకాశంలా మట్టి నారింజరంగులో ఉంది. నా యంత్రం తళతళలాడే ఉక్కు వీరుడు. అది నిజానికి పెచ్చులూడిన ఆవపిండి రంగులో, ఒక భుజం కిందికి వాలి, నీళ్ల ట్యాంకరులా ఉంది. నాకది ఇంకా నచ్చింది.

ఒక్క విషయం మాత్రం అర్థం కాలేదు. మొదటి నుంచి చివరిదాకా సన్నగా గాలి వీస్తూ ఉండేది. ఆ చప్పుడు వింటుంటే నాకు నిద్రపట్టేది. తెర మీద ఎక్కడా గాలికి ఏదీ కదలడం లేదు. అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను.

అది పగలబడి నవ్వింది. "మమ్మా, అక్కడ గాలే లేదు! ఆ చప్పుడు వాడిది. మెషిన్‌ది. ఊపిరి తీసుకున్నట్టు. నీకు చెప్పలేదా నేను?"

చెప్పలేదు. కనపడేవాళ్లకు అది చెప్పాల్సిన విషయమని తోచదు. వాళ్లు దాని గుండె దగ్గర దీపం వెలిగి ఆరడం చూస్తూనే ఉన్నారు. నేను మాత్రం ఆ రోజులన్నీ దాని ఊపిరి వింటూ, గాలి అనుకుంటూ పడుకున్నాను. అది తెలిసి ఎంతో సంతోషం వేసింది. మళ్లీ మొదటి ఎపిసోడ్‌కు వెళ్లి, కళ్లు మూసుకుని కాసేపు విన్నాను.

కన్ను పూర్తిగా మునుపటిలా కాలేదు. తిన్నని గీతలు ఇప్పటికీ నా కుడికంటికి కొంచెం వంకరగా కనిపిస్తాయి. తలుపు చట్రం నడుం వంచినట్టుంటుంది. కానీ ఫైలు చదువుతున్నాను, బస్సు నంబరు పోల్చుకుంటున్నాను. డాక్టరుకు ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. పక్క సీటు ఆవిడకూ అంతే. ఆరోజు ఆవిడ ఆటో ఆపకపోతే ఈ మాటలు రాయగలిగేదాన్ని కాదు. ఆ సీరియల్ తీసినవాళ్లు ఎవరో, వాళ్ల పేర్లు చివర వరసగా పైకి పోతుంటాయి, ఆ లిపి నాకు చదవరాదు. అయినా పూర్తయ్యేదాకా చూస్తాను. యుద్ధం చూపిస్తామని పిలిచి, గిన్నెడు సూప్ పెట్టి పంపినవాళ్లు వాళ్లు.

మొన్న శనివారం అమ్మాయి బస్సులో ఇంటికి వచ్చింది. కొత్త సీరియల్ ఒకటి దొరికిందట. దీనికి హిందీ డబ్బింగ్ కూడా ఉందని, ఇక తనకు పని లేదని సంబరపడింది. "మీకు బజారు హిందీ వచ్చుగా మామ్మా, అర్థమవుతుంది" అంది.

అత్తగారు సోఫాలో కాళ్లు ముడుచుకుని సర్దుకున్నారు.

"హిందీ గిందీ నాకొద్దు. జపాను వాళ్ల మాటే పెట్టు. నువ్వు చెప్పు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను. అది భాష మార్చి, మామ్మ పక్కన ఇరుక్కుని కూర్చుని, "సరే, వినండి. ఒక ఊళ్లో వర్షం పడుతోంది" అని మొదలుపెట్టింది.